రెండప్పులు కలిస్తే ఆస్తి అవుతుందా?

మొన్న మా మనవరాలు లెక్కల పరీక్ష కాగితం ఇంటికి తెచ్చి దాచిపెట్టింది. పిల్లలు దాచిన కాగితాలు ఎక్కడుంటాయో అమ్మమ్మలకు తెలియకుండా ఉంటుందా? బియ్యం డబ్బా వెనకాల దొరికింది. 25కు 9 మార్కులు. మార్కులు చూసి నేనేమీ గుండె బాదుకోలేదు, నాకూ నా కాలంలో అంతకన్నా గొప్పగా ఏమీ రాలేదు. కానీ ఆ కాగితంలో రెండు లెక్కలు చూశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మొదటి లెక్క (-3) + (-5). మా పిల్ల ఎంతో ధైర్యంగా +8 అని రాసింది. తప్పు. ఇంటూ పడింది, పడవలసిందే.

రెండో లెక్క (-7) + 4. దాని కింద చిన్న గీత గీసుకుంది. మధ్యలో సున్న పెట్టింది, ఎడమ వైపు ఏడు గళ్ళు పోయింది, అక్కణ్ణుంచి నాలుగు గళ్ళు కుడికి వచ్చింది, -3 దగ్గర ఆగి జవాబు రాసింది. ముమ్మాటికీ రైటు. కానీ ఆ గీత మీద ఎర్ర సిరాతో పెద్ద కొట్టివేత. పక్కన 'గీతలు వద్దు, రూలు వాడు' అని రాసి సగం మార్కు కోశారు!

"ఇదేందే, మైనస్ మూడూ మైనస్ ఐదూ కలిస్తే ప్లస్ ఎనిమిదెట్లయిందే?" అని అడిగాను.

"మైనస్ మైనస్ ప్లస్ గదా అమ్మమ్మా! రూలు గట్లనే ఉంటది" అంది.

"మరి కింద గీత గీసి చేసినవు గదా, పైన గూడ గట్లనే చెయ్యకపోయినవా?"

"గీత గీస్తే సార్ తిడ్తడు. గీతలు మొద్దు పిల్లలకట." ఒక్క నిమిషం ఆగి, కళ్ళనిండా నీళ్ళతో, "నాకు లెక్కలు రావమ్మమ్మా. అమ్మకు గూడ రాకపోయె గదా. ఆడపిల్లలకు లెక్కలు రావట" అంది.

చూశారా! గీత గీసుకున్నచోట రైటు చేసింది, రూలు వాడిన చోట తప్పింది. మార్కు కోత పడింది గీతకు! పైగా ఆ పన్నెండేళ్ళ పిల్ల దీన్నంతా కూడి తీసి తేల్చుకున్న జవాబు, ఆడపుట్టుకకు లెక్కలు రావని. ఆ బడి పేరు చెప్పను. ఆ బడి ఒక్కటే అయితే చెప్పేదాన్నేమో. మీ పిల్లల పుస్తకాలు తిరగేసి చూడండి, ఇదే ఎర్ర సిరా మీ ఇంట్లోనూ కనిపిస్తుంది. అందుకే ఈ పోట్లాట మీ అందరి ముందూ పెట్టుకుంటున్నాను.

మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ వేలిముద్ర మనిషి. ఆవిడ నోటి లెక్క వినండి: "కొట్ల మూడొందల బాకి ఉండె. పండుగకు ఇంక ఐదొందల సామాను తెచ్చిన. జీతం రాంగనె ఆరొందలు కట్టిన. ఇగ రెండొందలున్నయి." కాగితం లేదు, కలం లేదు, రూలు అసలే లేదు. ఆవిణ్ణి పట్టుకుని, "అమ్మా, మూడొందల బాకీకి ఐదొందల బాకీ కలిస్తే కొట్టువాడే నీకు ఎనిమిదొందలు ఇవ్వాలి, రూలు అలా ఉంది" అని చెప్పి చూడండి. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. రెండప్పులు కలిస్తే పెద్దప్పు అవుతుంది గానీ ఆస్తి అవుతుందా? అలా అయ్యేటట్టయితే మన ఊళ్ళలో కోటీశ్వరులు కానివాళ్ళెవరు చెప్పండి!

వేలిముద్ర మనిషికి తెలిసిన ఈ సంగతి బడికి పోయే పిల్లకు ఎందుకు తెలియలేదు? తెలియకేం, తెలుసు. తెలిసినదాన్ని మరిపించారు, అదీ నా ఫిర్యాదు.

అసలు ఆ మాటల్లోనే ఉంది కిటుకంతా. తెలుగులో వీటిని ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అంటాం. ధనం అంటే ఉన్నది, ఋణం అంటే ఇవ్వవలసినది. ఇది ఏ పాఠ్యపుస్తకాల కమిటీయో కూర్చుని కట్టిన పేరు కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రహ్మస్ఫుట సిద్ధాంతం'లో ఈ మాటలతోనే లెక్క చెప్పాడు. రెండు ధనాలు కలిస్తే ధనం, రెండు ఋణాలు కలిస్తే ఋణం, ధనమూ ఋణమూ కలిస్తే వాటి తేడా, రెండూ సమానమైతే శూన్యం. ఇంతే. దీంట్లో మా అంట్లావిడకు తెలియనిది ఒక్క ముక్క ఉందేమో చూపించండి!

ఇప్పుడు ఆ మాటలూ పిల్లల చెవిన పడటం తగ్గిపోయింది. 2022-23 నుంచి తెలంగాణలో సర్కారు బడుల్లోకి కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మంచిదే, రెండూ చదివితే. కానీ పిల్లల నోట వినిపించేది పాజిటివ్, నెగెటివ్ మాత్రమే. ఆ మాటలకు వాళ్ళ మనసులో ఉన్న అర్థం ఏమిటో ఎరుగుదురా? 2020లో కరోనా వచ్చినప్పుడు మా పిల్ల చిన్నది. 'పాజిటివ్' అనగానే ఇంటిల్లిపాదీ ఏడవడం, 'నెగెటివ్' అనగానే దేవుడికి దండం పెట్టుకోవడం చూసింది. అలాంటి పిల్లకు నెగెటివ్ అంటే తక్కువ అని బోర్డు మీద ఒక్కసారి రాసి చెరిపేస్తే ఎక్కుతుందా? అదే 'ఋణం' అనండి, వ్యవసాయం ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా వివరించే అవసరమే ఉండదు.

అయితే అప్పు మాట ఒక్కటీ చాలదు. అప్పు కంటికి కనబడదు కదా. కనబడేది గీత. దాన్నే సంఖ్యారేఖ అంటారు. ఆ గీత మొద్దు పిల్లలకు అన్న మాటకే నాకు ఒళ్ళు మండింది.

మాది బయ్యారం. మా ఊరి పేరు చెప్తే అందరికీ ఇనుప రాయీ, ఉక్కు ఫ్యాక్టరీ మాటలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం మా పెద్ద చెరువే గుర్తొస్తుంది. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువు. ధర్మకీర్తి సముద్రం అని దాని పేరు. ఆవిడ వేయించిన శాసనం చెరువు దగ్గరే దొరికింది. కాకతీయుల వంశవృక్షం మొదలు వెతుక్కునే పండితులకు అది లేకపోతే గడవదు. ఆ శాసనంలో వెన్నడు అనే మూలపురుషుడి దగ్గర్నుంచీ వరస చెప్పించింది ఆవిడ. ఆడపిల్లలకు లెక్కలు రావనే మహానుభావులు ఒక్కసారి మా కట్ట మీద నిలబడి చూడాలి. ఎంత నీళ్ళు వస్తాయో, కట్ట ఎంత ఎత్తుండాలో, అలుగు ఎక్కడ పెట్టాలో లెక్క కుదరకపోతే ఇన్ని వందల ఏళ్ళు ఆ చెరువు నిలుస్తుందా? లెక్క కట్టిన చేతులు ఎవరివైనా కావచ్చు, కట్టించిన బుద్ధి మాత్రం ఒక ఆడదానిది.

ఇక అలుగు సంగతి. చెరువు నిండి నీళ్ళు పొర్లిపోయే చోటు అలుగు. వానకాలంలో మా ఊళ్ళో ఇద్దరు కలిస్తే మొదటి మాట, "అలుగుకు ఎంత తక్కువున్నది?" అనే. "మూడడుగులు తక్కువ" అంటారు. అంటే -3. చూశారా, అలుగే సున్న! రాత్రి కుంభవృష్టి కురిసి రెండడుగుల నీళ్ళు చేరితే, తెల్లారి "ఒక్కడుగు తక్కువ" అంటారు. (-3) + 2 = -1. నాలుగడుగులు చేరితే అలుగు మీద అడుగు మందాన నీళ్ళు పోతాయి. (-3) + 4 = 1. వాన మొహం చాటేసి, మూడడుగులు తక్కువున్న చెరువులోంచి తూముల గుండా ఇంకో ఐదడుగులు పొలాలకు పోతే? ఎనిమిదడుగులు తక్కువ. అప్పుడు అలుగు మీద ఎనిమిదడుగుల నీళ్ళు పారుతున్నాయని చెప్పే రైతు ఉంటే అతణ్ణి ఆస్పత్రికి తీసుకుపోతారు. మా పిల్లకు బడి నేర్పిన జవాబు సరిగ్గా అదే. ఎండిన చెరువును పొర్లించింది!

సంఖ్యారేఖ అంటే ఇదే, నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా పడుకోబెట్టారు, అంతే. గార్ల స్టేషన్‌లో దిగవలసినవాళ్ళు నిద్రపోయి డోర్నకల్లుకు పోతే ఒక వైపు, తొందరపడి ముందే గుండ్రాతిమడుగులో దిగేస్తే ఇంకో వైపు. రెండూ గార్లకు దూరాలే, దిక్కు వేరు. ఆ దిక్కే ప్లస్సూ మైనస్సూ. వైకుంఠపాళి ఆడని ఆడవాళ్ళుంటారా మనలో? నిచ్చెన ఎక్కితే కలిసింది ధనం, పాము మింగితే కలిసింది ఋణం. ఒక పాము మింగి, దిగినచోట ఇంకో పాము మింగితే ఇంకా కిందికి పోతాం గానీ, రెండు పాములు మింగాయి కాబట్టి పైకి పోతామంటే పక్కన కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా?

మరుసటి ఆదివారం పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గు వేసే వేళకు మా పిల్లను లేపాను. గేటు దగ్గర్నుంచి ఇంటి గడప దాకా ముగ్గుపిండితో ఒక పొడుగాటి గీత గీశాను. నడిమధ్య ఒక పద్మం. అది సున్న. పద్మం నుంచి ఇంటి వైపు అడుగుకో చుక్క, 1, 2, 3. గేటు వైపు అడుగుకో చుక్క, -1, -2, -3. "సున్న మీద నిలబడు. ధనమైతే ఇంటి దిక్కు నడువు, ఋణమైతే గేటు దిక్కు నడువు. కూడడమంటే ఉన్న కాడ్నించి నడుసుడు. మళ్ళ సున్న కాడికి పోవద్దు" అన్నాను. ఇంతకు మించి నేను చెప్పింది ఏమీ లేదు.

"మైనస్ మూడు."

మూడడుగులు గేటు వైపు వేసింది.

"దానికి మైనస్ ఐదు కలుపు."

ఒకటి, రెండు, మూడు అని గేటు దాకా పోయి, గేటు తీసుకుని బయటికి పోయింది. "ఎక్కడున్నవే?" అని కేకేశాను.

"మైనస్ ఎనిమిది కాడ. రోడ్డు మీదున్న అమ్మమ్మా!"

"మరి పరీక్షల రాసిన ప్లస్ ఎనిమిది ఏడున్నది?"

ఆ పిల్ల గేటు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. గడప దాటి, వసారా దాటి చూపు పోయింది. "వంటింట్ల ఉన్నది!" అని పకపకా నవ్వింది. రోడ్డు మీద ఉండవలసిన మనిషిని వంటింట్లో నిలబెట్టింది ఆ రూలు. పదహారు అడుగుల తేడా. ఆ నవ్వు నవ్వాక ఆ తప్పు ఇంక జన్మలో చెయ్యదు. ఏ రూలుకైనా ఈ శక్తి ఉందా చెప్పండి.

తర్వాత (-7) + 4 నడిచింది, గేటు లోపల -3 మీద ఆగింది. 4 + (-7) నడవమన్నాను, ముందు ఇంటి వైపు పోయి, వెనక్కి తిరిగి మళ్ళీ అదే -3 మీదికి వచ్చింది. "ఏది ముందు నడిసినా గాడికే వస్తున్న గదా!" అని తనే కనిపెట్టింది. 4 + (-4) అంటే పద్మం మీదికి వచ్చి కూర్చుంది. వేరు వేరు గుర్తులుంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీసి పెద్దదాని గుర్తు పెట్టాలన్న రూలు ఉంది చూశారూ, అది కూడా అరగంటలో తన నోటితోనే చెప్పింది. నేను చెప్పలేదు, ముగ్గు చెప్పింది.

మరి ఆ 'మైనస్ మైనస్ ప్లస్' అబద్ధమా అంటారేమో. కాదు. అది వేరే ఇంటి కోడలు, తెచ్చి ఈ ఇంట్లో కూర్చోబెట్టారు. గుణించేటప్పుడు అది నిజం. తీసివేతలో కూడా నిజం. మీ దగ్గర 8 రూపాయలుండి, 3 రూపాయల అప్పుంటే మీ నికరం 5. అప్పిచ్చినవాడు జాలిపడి ఆ 3 రూపాయల అప్పు కొట్టేశాడనుకోండి, నికరం 8 అవుతుంది. 5 - (-3) = 8. అప్పును తీసెయ్యడం లాభమే. దీనికి మన ఊళ్ళలో రుణమాఫీ అని పేరు, తెలియని ఇల్లు లేదు. కానీ అప్పును తీసెయ్యడం వేరు, అప్పుకు అప్పు చేర్చడం వేరు. ఈ రెంటికీ ఒకే మంత్రం చదివిస్తే పిల్ల బుర్రలో అప్పు చెయ్యడమూ అప్పు మాఫీ కావడమూ ఒకటైపోతాయి. రేపు పెద్దదై సంసారం చేసేటప్పుడు కూడా ఆ రెండూ ఒకటే అనుకుంటే ఆ సంసారం ఏ గంగలో కలవాలి?

ఊరుకోలేక ఆ మాష్టారి దగ్గరికీ వెళ్ళాను. పాపం మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "గీత గీస్తే చిన్న లెక్కలకు సరే అమ్మా. రేపు పెద్ద అంకెలొస్తే ఎన్ని గళ్ళని గీస్తరు? సిలబస్ ఎప్పుడు పూర్తి చెయ్యాలె? అందుకే రూలు అలవాటు చేస్తున్న" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేదని నేననను. నలభైమంది పిల్లలను ముందు పెట్టుకున్న మనిషికి గంట కొట్టేసరికి పాఠం ముగియాలి.

కానీ పెద్ద అంకెకు గళ్ళు లెక్కపెట్టమని ఎవరన్నారు? (-4527) + 3891 ఉందనుకోండి. వట్టి గీత ఒకటి, మధ్యలో సున్న. ఎడమన దూరంగా ఎక్కడో 4527 అని ఒక చుక్క. అక్కణ్ణుంచి 3891 కుడికి రావాలి. సున్న దాకా వస్తామా? రాము. ఎంత తక్కువ పడింది? 636. సున్నకు ఎడమనే ఆగాం కాబట్టి -636. నాలుగు అంకెల లెక్కకు నాలుగు గళ్ళు కూడా అక్కర్లేదు. రూలు చేయించే తీసివేతే ఇదీ చేయిస్తుంది, ఎందుకు తీసివేస్తున్నామో కూడా చెప్తుంది. గీత తెలిసిన పిల్ల రూలు మరిచిపోతే మళ్ళీ పుట్టించుకుంటుంది. రూలు మాత్రమే తెలిసిన పిల్ల దాన్ని మరిచిపోతే, నా మాదిరి, "మాకు లెక్కలు రావు" అని జీవితాంతం చెప్పుకు తిరుగుతుంది.

గీత మొద్దు పిల్లలకు అన్నారు కదా, దాని చరిత్ర కూడా వినండి. సున్నకు తక్కువ ఉండటమేమిటని ఐరోపా పండితులు వందల ఏళ్ళు తల పట్టుకున్నారు. ఇంగ్లండులో మాసెరెస్ అనే పెద్దమనిషి 1758లో ఈ ఋణ సంఖ్యల వాడకం మీద యుద్ధం ప్రకటించి ఏకంగా పుస్తకమే రాశాడు. అంతకు ముందే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ వాలిస్ 1685లో అచ్చువేసిన తన బీజగణితంలో ఒక ఉపాయం చెప్పాడు. ఒక మనిషి ఐదు గజాలు ముందుకు నడిచి, ఎనిమిది గజాలు వెనక్కి వస్తే బయలుదేరిన చోటుకు ఎంత ముందున్నాడు? మూడు గజాలు వెనకున్నాడు. అదే -3 అన్నాడు. అదీ ఒక గీత గీసి మరీ చెప్పాడు! బ్రహ్మగుప్తుడు అప్పూ ఆస్తీ అని చెప్పిన వెయ్యేళ్ళ తర్వాత ఆ అప్పును కంటికి చూపించిన గీత అది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడికి అవమానం కాని గీత, మా బయ్యారం పిల్లకు అవమానమైందా?

మాష్టార్లను అన్నాను, ఇక మనల్ని మనం అనుకోవద్దూ? ఆ పిల్లకు "ఆడపిల్లలకు లెక్కలు రావు" అని చెప్పింది బడి ఒక్కటే కాదు. "అమ్మకు గూడ రాకపోయె" అంది చూడండి, ఆ మాట మన నోటి నుంచి వెళ్ళిందే. పిల్ల పుస్తకం పట్టుకుని రాగానే "నన్నడక్కు, మీ నాన్ననడుగు" అంటాం. పాలవాడి లెక్క, చీటీ పాట లెక్క, పొదుపు సంఘం లెక్క, పెళ్ళిలో చదివింపుల లెక్క, ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో ఇరవై ఏళ్ళ లెక్క నాలిక చివర ఉంచుకునే మనం, ఏడో తరగతి పుస్తకం చూడగానే అణకువ నటిస్తాం. అది అణకువ కాదు సుమండీ, ఆడపిల్ల కాళ్ళకు మన చేత్తో మనం వేసే బంధం. కొడుకు ముందు ఆ మాటంటే వాడు నవ్వి పోతాడు. కూతురు ముందంటే అది నేర్చుకుంటుంది.

అందుకని నేను అడిగేది రెండే. బడివారిని అడిగేది, మార్కులు జవాబుకూ ఆలోచనకూ వెయ్యండి, గీత గీసినందుకు కొయ్యకండి. అమ్మలను అడిగేది, నెలరోజుల పాటు "నాకు లెక్కలు రావు" అన్న మాట ఇంట్లో అనకండి. ముగ్గుపిండి ఎలాగూ ఉంటుంది, గీత గియ్యడం మనకొకరు నేర్పాలా?

ఆ ఆదివారం రాత్రే హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. నా చేతిలోంచి ఫోను లాక్కుని మనవరాలు అడిగింది, "అమ్మా, రెండప్పులు కలిస్తే ఏమైతదో చెప్పు."

"ఏమైతదే, ఇంకింత పెద్దప్పయితది" అంది మా అమ్మాయి, ఆలోచించకుండానే.

"మరి నీకు లెక్కలొస్తయి గదనే!" అంది పిల్ల.

అవతలి నుంచి కాసేపు ఏ మాటా వినబడలేదు.